మూడో ఎండాకాలం

ఉగాదికి ముందు ఆదివారం.
వసంతం ఇంకా వారం దూరమని పంచాంగం.
అనంతపురంలో తొమ్మిదింటికే
బండి సీటు మీద చెయ్యి పెట్టలేం.

పాత పంపుహౌసు వెనక, ఎండిపోయిన బోరు చుట్టూ
పోయినేడు కంటే నాలుగు బల్లలు ఎక్కువ వేసినాం.
షామియానా అద్దె అడిగి, విని, ఊరుకొని
ఓబుళమ్మ ఇంటి దుప్పట్లు నాలుగు కట్టినాం.
కింద, కడిగి దాచిన పాల ప్యాకెట్లలో మొక్కలు.
ఏడాది పొడుగునా మా కాలనీ తాగిన టీలన్నీ
ఇప్పుడిట్ల వరసగా నిలబడినాయి.

పేర్లు రాసింది నేను,
ఐసు పుల్లల మీద, పచ్చ స్కెచ్చు పెన్నుతో.
బందరు. కలివి. బలుసు. నారేపి.
తంగేడు అని రాసి
పక్కన పదైదు రూపాయలు అని వేసేటప్పుడు
చెయ్యి రొంత సిగ్గుపడింది.

మొదట వచ్చినాయన స్కూటరు దిగకుండానే
"తంగేడుకు పదైదా?
బైపాసు పక్కన ఉత్తగా మొలుస్తాది గదక్కా" అన్నాడు.
హంపన్న సారు లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తలేదు.
"పోయి చూసి రాండి. ఉంటే ఇది మీకు ఉత్తదే."
పోయినాడు.
పదకొండింటికి తిరిగొచ్చినాడు.
అక్కడ ఏం చూసినాడో చెప్పలేదు,
మేమూ అడగలేదు.
రెండు తీసుకొని చిల్లర మర్చిపోయినాడు.

అందరూ ఇట్ల తిరిగొస్తారని కాదు.
మనీప్లాంటు లేదా, గులాబీ లేదా,
పాములొస్తాయా,
బాల్కనీలో పెడితే పైఇంటోళ్ళు కొట్లాడతారా.
ఒకామె నారేపిని తిప్పి తిప్పి చూసి
"ప్రతి కాడకూ రెండే ఆకులు" అని పెట్టేసింది.
నిజమే. దానికి ఎప్పుడూ రెండే,
తడి మట్టిలో మేక గిట్ట దిగిన గుర్తు మాదిరి
నడిమికి చీలిన జత.
పైన జానెడు లేదు గానీ
ప్యాకెట్టు మూల చించుకొని
వేరు అప్పుడే బయటికొచ్చి బల్ల సందులో దారి వెతుకుతాంది.
అది చూపించేలోపల ఆమె ఆటో ఎక్కేసింది.

ఒంటిగంటకు ట్యాంకరు వచ్చింది.
సంపులో పైపు వేసి
నిండేదాకా ఏం చేయల్లో తోచక
హుసేనప్ప బల్లల మధ్య తిరిగినాడు,
చేతులు వెనక కట్టుకొని,
పెండ్లి చూపులకొచ్చిన పెద్దమనిషి మాదిరి.

"దీనికెన్ని నీళ్ళు పోయల్ల?"
"వారానికొక చెంబు, రెండు ఎండాకాలాలు.
మూడో ఎండాకాలం నుంచి దాని పాట్లు అది పడుతుంది."
ఆయన పైపు దిక్కు చూసినాడు. మొక్క దిక్కు చూసినాడు.
"ఊరంతా ఇదే పెడితే
నేను బండి అమ్ముకోవల్ల" అని నవ్వినాడు.
మేమూ నవ్వినాం, రొంత భయంగానే.
ఆ బండి రాకపోతే
ఈ బల్లల మీద ఒక్కటీ పది దినాలు బతకదు.

సంపు పొర్లింది. ఎవరో కేక వేసినారు.
ఆయన పరిగెత్తి వాల్వు తిప్పి,
తడి చేత్తో ఇరవై రూపాయల నోటు బల్ల మీద అతికించి
నారేపి ఎత్తుకున్నాడు.
"యాడ పెడతావు?"
"నీళ్ళు పట్టుకునే బోరు కాడ.
లైనులో మూడు గంటలు నిలబడితే నెత్తి కాలిపోతాంది.
ఆడ ఎట్లాగూ చుక్కలు కారుతానే ఉంటాయి."

క్లీనరు పిల్లోడి ఒళ్ళో కూర్చోని పోయింది మొక్క.
రోడ్డు మలుపు దాకా
ట్యాంకరు కారిన గీత, వెనకనుంచే ఆరిపోతా.

సాయంత్రం దుప్పట్లు విప్పుతా ఉంటే
బల్ల కింద పుల్ల దొరికింది.
నారేపి. నా అక్షరమే.
పేరు మా దగ్గరే వదిలేసి పోయినాడు.
లైనులో ఎవురన్నా ఇదేం చెట్టని అడిగితే
ఏం చెప్తాడో.
ట్యాంకరు చెట్టు అంటాడేమో.