రెండువేల తేడా

గుణుపురంలో బస్టాండు వెనక సందులో
మహాపాత్రో డాక్టరు గారి హెరాల్డు.
లేత నీలం, రెండే తలుపులు.
బానెట్ ఎత్తితే ముందు భాగమంతా లేచి
మొసలి నోరు తెరిచినట్టుండేది.

"నెబ కి?" అంది డాక్టరు గారి భార్య,
తాళంచెవిని కొంగుతో తుడుస్తూ.
పద్దెనిమిది వేలు.
జేబులో పద్దెనిమిదీ ఉన్నాయి.
పదహారు అన్నాను.
ఆవిడ వక్కపలుకు నోట్లో వేసుకుని ఊరుకుంది.

బియ్యం మిల్లులో కాటా గుమాస్తాని,
ముల్లు నిలిచేదాకా ఆగడం అలవాటు.
ఆగాను.

వారం తిరక్కుండానే
రాయగడ కుర్రాడెవడో తోలుకుపోయాడు.
వంశధార వంతెన మీంచి
ఆ హారను మిల్లు దాకా వినిపించింది.
బస్తా మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

మిగిలిన ఆ రెండువేలూ ఏం చేశానో
ఇన్నేళ్లయినా లెక్క తేలలేదు.
రేకులకా? పళ్ల డాక్టరుకా?
పద్దుల్లో ఎక్కడా లేదు.

ఇప్పుడు పార్వతీపురం బస్సులో
డ్రైవరు వెనక సీటే నాది.
మలుపు వచ్చినప్పుడల్లా ఎడమకాలు
లేని క్లచ్ కోసం నేల తడుముతుంది,
పక్కాయన పాదం తొక్కేస్తుంది.

"చూసుకోవద్దేటండీ!" అంటాడాయన.

నిజమే.