జీర

నాకు నొప్పి లేదు.
ముందే చెప్తున్నా, ఈ నడుం మీద ఒట్టు.
చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో పదకొండేళ్ళుగా ఒకటే కుర్చీ.
ఒక చక్రం ఊడితే కింద రాతిముక్క పెట్టుకున్నా,
ఇక్కడ రాతిముక్కలకేం కరువు.
పర్మిట్లు, వే బిల్లులు, లారీ నంబర్లు,
పొద్దున తొమ్మిదిన్నరకి వంచిన మెడ
క్వారీలో సాయంత్రం పేలుడు మోగితే ఎత్తుతాను.

ఒంగోలు నుంచి ఒక కుర్రాడొచ్చి
ఏసీ గదిలో బల్లబల్లకీ కాగితం పెట్టి పోయాడు.
'నొప్పి వచ్చాక వస్తే ఆలస్యం.'
నెలకోసారి వెన్నుపూస సర్దుతారంట,
పన్నెండు సార్లకి తొమ్మిది వేలు.
క్యాషియర్ మీరావలి అప్పటికే వెళ్ళొచ్చాడు,
మెడలో చిల్లర రాలినట్టు టపటపమందని
టీ తాగే ప్రతివాడికీ తిప్పి చూపించాడు.

వెళ్ళాను.
మంగమూరు రోడ్డు, మందులషాపు పైన రెండో అంతస్తు.
తలుపు పక్కన ప్లాస్టిక్ వెన్నెముక వేలాడుతోంది,
దసరాకి ఎవరో దానికీ కుంకంబొట్టు పెట్టారు.
డాక్టర్ లెనిన్‌బాబు, చిన్నవాడే, చేతులు వెచ్చగా ఉన్నాయి.
'నొప్పే లేనివాళ్ళకి ఇది పనిచేస్తుందని
ఎక్కడైనా తేలిందా బాబూ?'
కాసేపు కిటికీ వైపు చూశాడు.
'గట్టిగా చెప్పలేను మేడం. కొందరికి హాయిగా ఉంటుంది.'
అబద్ధం చెప్పనందుకు
డబ్బు కట్టేశాను.

టప్.
నా లోపల ఇంత చప్పుడుందని నాకు తెలీదు.
బస్సులో మహారాణిలా నిటారుగా కూర్చున్నా,
కిటికీ అద్దంలో రెండంగుళాలు పెరిగా.
సంతనూతలపాడు దాటేసరికి
ఫోన్ మీద మళ్ళీ కొడవలినయ్యా.

మర్నాడు పోలయ్య మేస్త్రి
బ్లాకు నంబర్లు రాయించడానికి వచ్చాడు.
రాతిని సుత్తితో కొట్టి, చెవొగ్గి వింటాడతను.
గంటలా మోగితే ఎగుమతికి,
బొద్దుగా పలికితే లోపల జీర ఉన్నట్టు,
కంటికి కనపడకపోయినా
రంపం కిందకెళ్ళగానే రెండుగా విచ్చుకుంటుంది.
'నా వీపు కూడా కొట్టి చెప్పరాదా మేస్త్రీ' అన్నాను.
నవ్వాడు. నవ్వబోయి, నడుం పట్టుకుని
రికార్డుల బీరువాకి ఆనుకున్నాడు.

'ఎన్నాళ్ళ నుంచి?'
'మా రెండోదాని పెళ్ళప్పటి నుంచి. దానికిప్పుడు ఇద్దరు పిల్లకాయలు.'
'మరి నీకా కాగితం ఇవ్వలేదా?'
'ఏ కాగితం?'

ఆ కుర్రాడు గుంటలోకి దిగలేదు.
దిగితే బూట్లకి తెల్లదుమ్ము.

క్లినిక్కుకి ఫోన్ చేశా.
ఇంకా పదకొండు సార్లున్నాయి గదా,
మా మేస్త్రికి రాసెయ్యండి అన్నా.
లెనిన్‌బాబు గొంతు మెత్తబడింది.
'ఇన్నేళ్ళ నొప్పంటే ఊరికే చెయ్యి వెయ్యకూడదు మేడం.
ముందు ఎక్స్‌రే తీయించి, రిమ్స్‌లో ఎముకల డాక్టరుకి చూపించండి.'
సరైన మాటే. తప్పు పట్టలేను.
నొప్పి లేని నా వీపుని మాత్రం
ఏ కాగితమూ అడగకుండా బల్ల మీద పడుకోబెట్టాడు.

'రేపు రిమ్స్‌కి పోదాం' అన్నాను.
'రేపు లోడింగుంది' అన్నాడు.
'ఎల్లుండి?'
'చూద్దాంలే అమ్మా.
నువ్వయితే ఆ కుర్చీలోంచి అప్పుడప్పుడూ లెయ్.
రాయంటే లెయ్యలేదు పాపం, నీకేం?'

ఇప్పుడు వే బిల్లు అటెండరు చేతికివ్వడం లేదు,
నేనే యార్డు దాకా నడిచి ఇస్తున్నా.
ఎండ. రంపాల హోరు. నల్లరాతిలో నక్షత్రాల మెరుపు.
ఇది మందో కాదో నాకు తెలీదు.
రెండోసారికి వెళ్తానో లేదో కూడా తెలీదు, డబ్బయితే కట్టాను.

ఆదివారం ఉదయం ఏడున్నర బస్సు.
పోలయ్యకి కిటికీ పక్క సీటు ఆపి
నిలబడి ఉన్నాను.
ఇంకా రాలేదు.