నుండి – వరకు

ఛత్రపురం ఆఫీసులో ఒరియా ఫారం.
సస్మిత అనే అమ్మాయి గళ్ళమీద వేలు పెట్టి
వచ్చీరాని తెలుగులో చదివింది.
పేరు. ఊరు. వృత్తి.
పడవలు కుడతానంటే నవ్వింది,
పడవని కుడతారా, చొక్కాలాగా?

అవునమ్మా, మేకు లేని పడవ.
మా ఆర్జిపల్లి ఒడ్డున కెరటం గోడలా వచ్చి పడుతుంది.
మేకు కొట్టిన చెక్క మొండికేసి పగుల్తుంది.
కుట్టిన చెక్క ఒళ్ళు వంచి దెబ్బ కాచుకుంటుంది.

తర్వాతి గడి, శిక్షణ.
ఎప్పటి నుండి, ఎప్పటి వరకు?

నుండి అయితే చెప్పగలను.
ఆరో తరగతి తప్పిన వేసవి
సూరాడ దండాసి మామ పాకలో నన్ను దిగవిడిచి
రెండు కట్టల ఎండుచేపలు చూరుకి తగిలించి
అమ్మ వెళ్ళిపోయింది.
రెండు వానాకాలాలు కొబ్బరి పీచు పేనడమే పని.
పేనీ పేనీ
కుడితొడ మీద వెంట్రుక మొలవడం మానేసింది.
ఇప్పటికీ అక్కడ నున్నగా ఉంటుంది,
ఇది ఫారంలో పట్టదనుకుంటాను.

మూడో ఏడు చిల్లులు.
ఎక్కడ పెట్టాలో మామ గీసేవాడు కాదు.
బొటనవేలి గోరు చెక్క అంచున ఆనించి "ఇంత" అనేవాడు.
ఆయన గోరు వేరు, నా గోరు వేరు.

బిగువెంతని ఒకసారి అడిగాను.
"నాకాడేటుంది, నీటినడుగు."
నీళ్ళు చెప్పాయి.
నా మొదటి పడవ నడుం దగ్గర
ఏడో కుట్టు కింద
చెమట పట్టినట్టు.
మామ తిట్టలేదు, కత్తి ఇచ్చాడు.
మూడు వారాల పని మధ్యాహ్నానికి తెగిపోయింది.
తెంపుతుంటేనే తెలిసింది
తప్పు ఏడో కుట్టుది కాదు,
మూడో కుట్టుది,
నాకు ఆకలేసినప్పటిది.

ఇరవయ్యేళ్ళు పోయాక
చూపు మసకేసిన మామ
నా పడవని అరచేత్తో తడుముకుంటూ చుట్టూ నడిచాడు.
ఒకచోట ఆగాడు.
"ఇక్కడ ఇద్దరున్నారు" అన్నాడు.
నిజమే. ఆ పూట మేనల్లుడు నీలాద్రి చేత
ఒకే ఒక్క కుట్టు వేయించాను,
ఎవరికీ చెప్పలేదు.

నీలాద్రి ఇప్పుడు గోపాలపురంలో ఫైబరు పడవలకి పూత పూస్తాడు.
నాకంటే రెండింతలు సంపాదిస్తాడు.
ఏం తప్పు?
పూత ఆరాక వాడూ గోటితో తట్టి
చెవి ఒగ్గి వింటాడు, దూరం నుంచి చూశాను.
నాకు ఏడాదికి ఒక పడవ వస్తోంది, అదీ బాగుచేతకి.
మొన్న వచ్చినదాంట్లో
పదేళ్ళ కిందటి నా కుట్టు నేనే విప్పి
మళ్ళీ వేశాను.

"వరకు దగ్గర ఏం రాయమంటారు?"
ఆమె పెన్ను గాలిలో ఆగింది.
"అంటే, పని పూర్తిగా ఎప్పుడొచ్చింది మీకు?"

బల్లమీద ఆమె ఫైలు,
ట్యాగు వదులుగా వేలాడుతోంది.
బొటనవేలితో రెండు మెలికలు తిప్పి బిగించాను.

ఎక్కువైంది.
కొంచెం వదిలాను.