ఎనిమిది గజాలు

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే.
జగదాంబ సెంటర్లో సిగ్నల్ పడ్డాక
పక్క బండి కుర్రాడు హెల్మెట్ అద్దం పైకెత్తి
"బాబాయ్, లోపల ఏటుంది?" అన్నాడు.
"మోకాళ్ళు" అన్నాను.
పచ్చలైటు వెలిగేదాకా నవ్వాడు.
వాడి వెనక కూచున్నవాడు మాత్రం నవ్వకుండా
నా మోకాళ్ళకేసే చూశాడు,
వాటిలో ఏదో తప్పు దొరుకుతుందన్నట్టు.

ఇది కిల్ట్. ఉన్ని. ముదురాకుపచ్చ మీద నీలం గళ్ళు.
ఇరవై రెండేళ్ళు ఓడల ఇంజిన్ రూముల్లో
నూనె మరకల పేంట్లలో ఉడికినవాణ్ణి.
అబర్డీన్ రేవులో పదకొండు రోజులు మరమ్మతుకి ఆగిపోతే
వానకి ఓ పాతబట్టల కొట్లోకి దూరి
ఊరికే నడుముకి చుట్టి చూసుకున్నాను.
అద్దంలో మనిషి నాకు నచ్చాడు.
అంతకు మించి కథ లేదు.
ఆ ఒక్క ముక్కా చెప్పడానికి
ఈ ఊళ్ళో నాకు రెండేళ్ళు పట్టింది.

మొదట్లో చరిత్ర చెప్పేవాణ్ణి.
కొండలు, మంచు, గొర్రెలు, యుద్ధాలు.
పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలబ్బి
పాపం మొత్తం విని
"అయితే ఇక్కడ చలేదండీ?" అన్నాడు.
చెమట తుడుచుకుంటూ
అక్కర్లేని ఇంకో కిలో తూయించాను.

తర్వాత కోపం.
అప్పుఘర్ దగ్గర టీ బడ్డీ ముందు నలుగురు,
లుంగీలు మోకాళ్ళ పైకి మడిచి కట్టినవాళ్ళు,
"ఓలమ్మో, గౌనేసుకున్నాడ్రా!" అని తొడలు చరుచుకుంటే
"మీరు కట్టింది ఏటి మరి?" అని అరిచాను.
నలుగురూ ఒక్కసారి కిందికి చూసుకున్నారు.
వాళ్ళలో ముసలాయన మెల్లగా మడత విప్పి
పాదాల దాకా దించుకున్నాడు.
గెలిచాననే అనుకున్నాను.
టీ మాత్రం గొంతు దిగలేదు.

ఆ తర్వాత అబద్ధం.
సింహాచలం వెళ్ళే ఇరవయ్యెనిమిదో నంబరు బస్సులో
చూపులన్నీ నడుము కిందే ఆగుతుంటే
"తొడ మీద కాలిన పుండమ్మా, పేంటు ఒరుసుకుంటాది" అన్నాను
ఎవరూ అడక్కుండానే.
చంటిబిడ్డ తల్లి లేచి సీటిచ్చింది.
కంచరపాలెం దాటినా, ఎన్నేడీ వచ్చినా
బిడ్డని ఈ భుజం నించి ఆ భుజానికి మార్చుకుంటూ
నిలబడే ఉంది.
పుండు లేదు గానీ సీటు కాలింది.

బీచ్ రోడ్డు మీద గాలొక్కటే
అడక్కుండా ఎత్తి చూసేది.
దానితో వాదనేముంది?
కూచునేప్పుడు వెనక చెయ్యి పెట్టి
కుచ్చిళ్ళు ఎలా సర్దుకోవాలో సుభాషిణి నేర్పింది.
మెట్లెక్కేప్పుడు, బండెక్కేప్పుడు,
వెనక ఎవడున్నాడో తల తిప్పకుండా తెలుసుకోవడం కూడా.
"ఇదంతా గుర్తుపెట్టుకోవాలా?" అన్నాను.
ఆమె పళ్ళెంలో బియ్యం ఏరుతూ
"నేనెప్పుడు మర్చిపోయాననీ?" అంది.

ఫిషింగ్ హార్బర్లో మైలపల్లి ఎర్రమ్మ
నా మొహం చూడనే లేదు.
తడిచేత్తోనే అంచు పట్టుకుని తిరగేసి
పెదాలు కదుపుతూ కుచ్చిళ్ళు లెక్కపెట్టింది.
"ఎన్ని గజాలు?"
"ఎనిమిది."
"నా కోకకన్నా ఎక్కువే. ఉతికితే ఎన్నాళ్ళకారతాది?"
"రెండ్రోజులు."
"మరెందుకు కడతన్నావు?"

నోటిదాకా గొర్రెలొచ్చాయి. పుండూ వచ్చింది.
"ఇష్టం" అన్నాను.

"డబ్బులెక్కడెడతావు?"
ముందు వేలాడే తోలుసంచి చూపించాను.
తన రొంటిన దోపిన గుడ్డసంచి తీసి
పక్కన పెట్టి చూసింది.
"నాదే నయం. నడిస్తే ఊగదు."
ఇరవై తగ్గించమన్నాను.
"గౌనేసుకొచ్చినా పేంటేసుకొచ్చినా
ఒకటే రేటు బాబూ" అంది, తూకం దించకుండా.

ఆటో స్టాండుకి నడుస్తుంటే
అంచు మీద ఆమె వేళ్ళ తడి,
గళ్ళలో రెండు పొలుసులు మెరుస్తూ.
వెనకనించి ఎవరో కేకేశారు:
"గురూ, లోపల ఏటుంది?"
"కానాగంతలు" అన్నాను.
ఏది అడిగాడో
తిరిగి చూళ్ళేదు.