కోడ్ ఎత్తేశాక

ఎలక్షన్ కోడ్ ఎత్తేశారని
ఆకివీడు స్టేషన్ నుంచి తెచ్చేసుకున్నావు.
రసీదు చొక్కా జేబులో,
భుజాన గోనె చుట్టిన తుపాకీ.

రెండు నెలలు ఇల్లెంత తేలిగ్గా ఉందో
నీకేం తెలుసు.
నీటికాకులు రొయ్యల్ని తిన్నాయి, నిజమే.
తింటే తిన్నాయి.
మన ఏసోబు డబ్బా వాయించి తోలలేదూ?

బీరువా మీద పెడతానంటావు.
ఆ బీరువా మీదే కదా
సున్నుండల డబ్బా దాచాను!
కుర్చీ మీద పీట, పీట మీద తలగడ...
తిని, మూతపెట్టి,
మూతి తుడుచుకుని వచ్చాడు నీ కొడుకు.
వాడికింకా ఆరో ఏడు నిండలేదు.

తూటాలుండవంటావు.
పోయిన కార్తీకంలో ఉతుకుదామని తీస్తే
నీ ప్యాంటు జేబులో ఎర్రగా ఒకటి
చేతికి సబ్బుముక్కలా తగిలింది.
నీకు చెప్పలేదు.
పసుపు డబ్బాలో పెట్టి
రాత్రంతా ఆ డబ్బా వైపే చూస్తూ పడుకున్నాను.

ఎయిర్‌గన్‌తో నేర్పిస్తాలే, భయం పోతుందన్నావు.
భయం పోవడమే నా భయం.
దొంగా పోలీసూ ఆటలో
వాడెప్పుడూ పోలీసే.
లాస్యే దొంగ.
నిన్న కూడా మంచం కింద దాక్కుని
నవ్వాపుకోలేక తనే దొరికిపోయింది.

ఓట్లకి ఏమవుతుందోనని
ఊళ్ళో తుపాకులన్నీ అడిగింది గవర్నమెంటు.
నువ్వూ మాట్లాడకుండా ఇచ్చొచ్చావు.
నేనూ అడుగుతున్నాను.

వెల్డింగ్ షాపు వీర్రాజుతో ఇనప్పెట్టె చేయించు,
గోడకి బిగించు.
తూటాలకి వేరే పెట్టె, వేరే తాళం.
ఆ తాళంచెవి నాకివ్వు.
కావాలంటే రసీదు రాసిస్తాను,
తేదీ వేసి, సంతకం పెట్టి.

అంతవరకూ ఆ గోనె విప్పకు,
గుమ్మం ఎక్కించకు.
బండి వెనక్కి తిప్పు.
స్కూల్ ఆటో వచ్చే వేళైంది.