సున్నా కూడా రాయాలి

ఈ శనివారం కూడా మొదటి గడిలో సున్నా.
రెండో గడిలో సున్నా.
మూడో గడిలో, పెన్సిల్ ముక్కు నాలుకతో తడిపి,
ఒక నక్క, బహుశా.
"బహుశా అని రాయకు" అంటాడు డ్రాగొమిర్.
"అడుగు పక్కన స్కేలు పెట్టు. గోళ్ళు దిగాయా చూడు."

ఇరవై ఆరేళ్ళు లారీ తోలిన మనిషి,
ఈ రోడ్డు మీదే, ఇది ఇంకా హైవే కాక ముందు.

నేను బడి వంటింట్లో చోర్బా కలిపేదాన్ని.
చర్చి గోడ మీద కాగితం చూసి వచ్చాను:
నడవగలిగితే చాలు, మిగతాది నేర్పుతామని.
నడక వచ్చు.
చూడటం రాదని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

కార్పేథియన్ కొండలు రెండు, మధ్యలో నాలుగు వరుసల తారు.
కింద ఒక తూము, వాగు కోసం కట్టింది.
వాగుకిచ్చిన దారిలోనే
తోడేలూ అడవిపందీ ఎలుగూ సర్దుకోవాలి.
సర్దుకుంటున్నాయా?
బీచ్ చెట్టుకి కట్టిన కెమెరా చెప్పాలి.

కార్డులో నాలుగొందల పన్నెండు ఫొటోలు.
గాలికి ఊగిన గడ్డి, గాలికి ఊగిన గడ్డి,
ఒనుఫ్రియె గొర్రెలు, ఒనుఫ్రియె కుక్క,
చెట్టు చాటున ఒనుఫ్రియె
(అది చెరిపేశాం, అతని పరువూ సంరక్షించాల్సిందే).
కెమెరా బిగిస్తున్న నా ముఖం, మరీ దగ్గరగా,
ఏదో అంతరించిపోతున్న జాతిలా.

థర్మాస్ మూతలో టీ పోస్తుంటే
అడక్కుండానే చెప్పాడు డ్రాగొమిర్.
తొంభై ఎనిమిది నవంబరు. పొగమంచు. సిమెంటు లోడు.
లింక్స్. చెవుల మీద నల్ల కుచ్చులు.
దిగి ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉందట.
పక్కకి లాగి, తన కోటు కప్పి,
కోటెవరో కొట్టేశారని భార్యకి చెప్పాడట.
"అప్పుడు రాయడానికి గడి లేదు" అన్నాడు.

టీ చల్లారింది. తాగాం.

మార్చి ఆఖర్లో, మంచు బురదయ్యే వారం,
ఫ్రేము అంచున ఒక తోక.
పొట్టిది. కొస నలుపు.
మిగతా జంతువు అప్పటికే దాటేసింది,
దక్షిణం నుంచి ఉత్తరానికి,
తెల్లవారుజామున నాలుగూ పదకొండుకి,
తల మీద లారీలు పోతుండగా.

డ్రాగొమిర్ కళ్ళజోడు తీశాడు, తుడిచాడు,
పెట్టుకోవడం మర్చిపోయాడు.
పెన్సిల్ నా చేతికే ఇచ్చాడు.
జాతి: లింక్స్. సంఖ్య: ఒకటి.
స్థితి అన్న గడి దగ్గర ఆగి
అతని వైపు చూశాను.

"నడుస్తోంది, అని రాయి."