పూడిక

ఏప్రిల్లో కాలవ కట్టేశారు.
పాలకొల్లు లాకుల దగ్గర పొక్లెయిను
నల్లటి బురద తవ్వి గట్టు మీద పోస్తోంది.
నా కొట్లో
సి డ్రైవు ఎర్రగీతైంది.

పెళ్ళి ఆల్బమొకటి సేవ్ కానంటోంది.
దాచినవన్నీ చూపించమంటే
బూడిదరంగులో ఓ ఫోల్డరు లేచింది:
ఇన్‌స్టాలరు. ఇరవై రెండు జీబీ.
లోపలన్నీ పేరు కాని పేర్లు,
ఎవరో పలక మీద
కొత్త బలపం పరీక్షించినట్టు.

డిలీట్ మీద వేలు పెట్టాను.

ఆచంట రైసుమిల్లు గుర్తొచ్చింది.
నాలుగేళ్ళ కింద అక్కడ ఇలాంటిదే ఊడ్చిపారేశాను.
బోల్డు చోటొచ్చిందని గుమస్తా సూర్యచంద్రం
చెరుకురసం తెప్పించాడు.
నెల తిరిగేసరికి ఫోను:
“అమ్మాయ్, బిల్లుల సాఫ్టువేరు బాగవ్వదు,
పోనీ పొమ్మంటే పోదు.
వచ్చిన దారి చూపిస్తేనే వెళ్తానంటోంది.”

ఆ రాత్రి ఊకవాసనలో కూర్చుని
మొత్తం కడిగి మొదట్నించీ ఎక్కించాను.
డబ్బులడగలేదు.

బయట లస్కరు వీరాస్వామి
పొక్లెయిను కుర్రాడి మీద కేకలేస్తున్నాడు:
“మట్టి తియ్యరా, అడుగురాయి కదపకు!
తలుపు దిగి కూర్చునేది దాని మీదే!”
కుర్రాడికి రాయీ మట్టీ ఒకటే రంగు.
నాకూ అంతే.

వేలు తీశాను.
టెంపు ఖాళీ చేశాను, చెత్తబుట్ట వంచాను,
మూడేళ్ళుగా ఎవరూ పట్టుకెళ్ళని
పాస్‌పోర్టు ఫోటోల మొహాలన్నిటినీ
బయటి డిస్కులోకి పంపాను.
తొమ్మిది జీబీ.
ఆల్బమ్‌కి సరిపోద్ది.

బూడిదరంగు ఫోల్డర్ని మళ్ళీ దాచేశాను.
జూన్లో నీళ్ళొదిలాక
ఆ రాయెక్కడుందో
వీరాస్వామికే తెలియాలి.